ఇంట్లోకి జ్యూసర్ తీసుకుందామనుకుంటన్నాం, ఏది తీసుకోవాలో కాస్త చెప్పండి బాబూ

అయ్యకోనేరు_గట్టు
అందరికీ నమస్కారమండి. మాది విజయనగరం. మా ఆయన రోజూ పొద్దున్నే అయ్యకోనేరు చుట్టూ నడిచి, వస్తూ వస్తూ బండి దగ్గర జ్యూస్ తాగి వస్తారు, ఒకరోజు కేరట్ బీట్రూట్, ఒకరోజు బత్తాయి, గ్లాసు 40. అంటే నెలకి 1200. డబ్బులు పోతే పోనీండి, ఆ ఐసు ఏ నీళ్ళతో చేసిందో, పంచదార పాకం ఎంత పోస్తన్నాడో అని నాకు బెంగ. ఇంట్లో నేనే చేసిస్తానంటే మన మిక్సీకి జ్యూస్ జార్ ఉంది కదా అంటారు. ఆ జార్ పెళ్ళికి ఇచ్చిన మిక్సీతో వచ్చింది, ఒకే ఒక్కసారి వేసాను, కేరట్ ముక్కలు సగం నలిగి సగం జాలికి అతుక్కుపోయి గట్టంతా కాషాయం రంగు, అరగ్లాసు జ్యూస్‌కి గంట కడుగుడు. మళ్ళీ ముట్టుకోలేదు. ఇప్పుడు కోల్డ్ ప్రెస్ అని 14 వేలది ఒకటి చూసాను, షాపులో అడిగితే అదేం వద్దు మేడమ్ 5 వేలల్లో ఇది తీసుకోండి అని గిర్రున తిరిగేది చూపించాడు. ఎండాకాలం అత్తగారు మామగారు సోంపేట నుంచి వస్తారు, వాళ్ళకీ పనికొస్తుందని ఆశ. ఏది తీసుకోమంటారు?

ఏడు_రోడ్లు
కోల్డ్ ప్రెస్సే. ఇంకోటి ఆలోచించకండి. మేము శ్రీకాకుళంలో ఏడాదిగా వాడుతున్నాం. గిర్రున తిరిగేవాటిలో వేడికి ఎంజైములన్నీ చచ్చిపోతాయి, దీంట్లో అలాగుండదు. ఒకేసారి చేసి సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే 3 రోజులు ఢోకా లేదు. పొద్దున్నే పరగడుపున ఆనపకాయ జ్యూస్ కూడా మొదలెట్టమనండి మీ వారిని, నేను 4 కిలోలు తగ్గాను.

రాజాం_కుర్రాడు
14 వేలా!! ఆ డబ్బులతో ఏడాది పాటు బండి దగ్గరే తాగొచ్చు అప్పా 😄

మిక్సీ_డాక్టర్
శ్రీకాకుళంలో 20 ఏళ్ళ నుంచి మిక్సీలు, గ్రైండర్లు విప్పి బిగించడమే నా పని, షాపు ఎక్కడో చెప్పను, ప్రచారం అంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను వినండి.

మిక్సీ జ్యూస్ జార్‌లో అడుగున బ్లేడు, మధ్యలో జాలి. బ్లేడు నలిపింది జాలిలోంచి దిగాలి. పుచ్చకాయ, ద్రాక్ష లాంటి నీళ్ళ పళ్ళకి బాగానే పనిచేస్తుంది, నీళ్ళు పొయ్యకుండా కేరట్ వేస్తే మీకు జరిగినట్టే జరుగుతుంది. తప్పు మీది కాదు, జార్‌ది కాదు.

రెండోది ఆ షాపాయన చూపించింది, సెంట్రిఫ్యూగల్. దాంట్లో కోరాం లాంటి పళ్ళెం నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతుంది, కాయ దానికి తగలగానే తురుమైపోతుంది, తిరిగే జోరుకి రసం జాలి దాటి బయటికి చిమ్ముతుంది, పిప్పి వెనక డబ్బాలో పడుతుంది. కేరట్, ఏపిల్, బీట్రూట్ రెండు నిమిషాల్లో అయిపోతాయి. చప్పుడు మాత్రం పక్కింటికి వినపడుతుంది. ఆకులు వేస్తే అలాగే ఎగిరి పిప్పిలో పడిపోతాయి, కరివేపాకు కొత్తిమీర జ్యూస్ దీంతో అవ్వదు. పిప్పి పిండితే చేతికి ఇంకా తడి తగులుతుంది.

మూడోది కోల్డ్ ప్రెస్. దాంట్లో బ్లేడే ఉండదు. లావుపాటి స్క్రూ ఒకటి నిమిషానికి 40 నుంచి 80 చుట్లు మెల్లగా తిరుగుతూ కాయని జాలికేసి నొక్కుతుంది. చెరుకు గానుగ చూసారు కదా, దాని చిన్న తమ్ముడు. రసం ఎక్కువ వస్తుంది, నురగ తక్కువ. కరెంటు కూడా 150 నుంచి 250 వాట్లు చాలు. ఓపిక ఉండాలి అంతే.

ఏడు రోడ్లు గారూ, ఎంజైములు చచ్చిపోవడం అమ్మేవాళ్ళ మాటండి. రెండు నిమిషాల తిప్పుడుకి జ్యూస్ ఏం ఉడికిపోదు, వేలు పెట్టి చూడండి. తేడా ఏటంటే జోరుగా తిరిగేదాంట్లో గాలి కలిసిపోయి నురగ కట్టి రంగు తొందరగా మారిపోతుంది. 3 రోజుల నిలవ కూడా వద్దు. బయట అమ్మే డబ్బా జ్యూస్ వేడి చేసి సీలు వేస్తారు, మనది పచ్చిది, తీసిన వెంటనే తాగాలి, తప్పదంటే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఆ పూటకి.

బొబ్బిలి_వదిన
అందరూ ఏ మెషిన్ అని చెప్తన్నారు గానీ కడిగేదెవరు అని ఒక్కరూ అడగరేటి? మా ఇంట్లో కథ చెప్తాను, కరోనా టైములో మా ఆయన ఇమ్యూనిటీ ఇమ్యూనిటీ అని సెంట్రిఫ్యూగల్ తెచ్చారు, మొదటి వారం ఆయనే చేసారు, రెండో వారం చేసి సింకులో వదిలీసారు, మూడో వారం వదినా నువ్వైతే బాగా చేస్తావని మా మరిదితో అనిపించారు, ఇంక అక్కడ్నించి అది నా నెత్తిమీద. మూత, గొట్టం, జాలి, గిన్నె, పిప్పి డబ్బా, జగ్గు, ఆరు సామాన్లు రోజూ. జాలి వెంటనే కడక్కపోతే పిప్పి ఆ సన్న కన్నాల్లో ఎండిపోయి సిమెంటైపోద్ది. పాత టూత్‌బ్రష్ ఒకటి దానికే కేటాయించండి, లోపల్నించి బయటికి కాదు, బయట్నించి లోపలికి తొయ్యాలి, తర్వాత కిటికీ వైపు పెట్టి చూడండి, వెలుగు సమానంగా కనపడితే శుభ్రమైనట్టు. మచ్చలు మచ్చలుగా ఉంటే ఇంకా ఉంది లోపల.

కేరట్ రంగు ప్లాస్టిక్‌కి పట్టీసిందని సబ్బుతో తోమి తోమి చేతులు అరగదీసుకోకండి, ఆ రంగు నూనెలో కరుగుతుంది గానీ నీళ్ళలో కరగదు. రెండు చుక్కల కొబ్బరినూనె గుడ్డకి రాసి తుడిచి అప్పుడు సబ్బు పెట్టండి, పోద్ది.

అయ్యకోనేరు_గట్టు
వదినా నూనె చిట్కా ఇప్పుడే చూసాను, ఆ పాత జార్ మూత మీద 9 ఏళ్ళ మచ్చ పోయింది!! సగం పోయింది. అదే చాలు.

పాలకొండ_మాస్టారు
2022లో మా పాలకొండ మన్యం జిల్లాలోకి పోయింది, అయినా నన్ను శ్రీకాకుళం వాడిగానే లెక్కెయ్యండి. పదిహేనేళ్ళ నుంచి సుగరు ఉన్నవాణ్ణి కాబట్టి రెండు మాటలు.

ఒకటి, బత్తాయి తొనలు తింటే రెండు కాయలకే కడుపు నిండుతుంది. జ్యూస్ చేస్తే గ్లాసుకి నాలుగు కాయలు పోతాయి, పీచు పిప్పిలోకి పోతుంది, తీపి మొత్తం గ్లాసులోకి వస్తుంది. జ్యూస్ ఇంట్లో చేసినా దాంట్లో తీపిని ప్రపంచ ఆరోగ్య సంస్థ పంచదారతో పాటే లెక్కేస్తుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా జ్యూస్ కన్నా పండే మేలు అని ఉంది, చెరుకు రసం అయితే 100 మిల్లీలీటర్లకి 13 నుంచి 15 గ్రాముల చక్కెర అని రాసారు. తాగొద్దనను. చిన్న గ్లాసు తాగండి.

రెండు, ఆనపకాయ. ఇది కొంచెం గట్టిగా చెప్పాలి. ఆనపకాయ ఒక్కోసారి చేదు కాస్తుంది, చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. ఆ చేదు విషం. కుకుర్బిటాసిన్లు అంటారు. పచ్చి రసం తాగి వాంతులు, నెత్తురు విరేచనాలతో ఆసుపత్రి పాలైనవాళ్ళు, చనిపోయినవాళ్ళు కూడా ఉన్నారు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దాని మీద ఒక కమిటీయే వేసింది. కోసిన ప్రతి కాయా చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడాలి, చేదు తగిలితే కాయ మొత్తం పారెయ్యాలి. తేనె కలిపేసి, ఏపిల్ కలిపేసి చేదు మింగెయ్యడం మాత్రం చెయ్యొద్దు. ఒంటికి మంచిదంటే చేదుగానే ఉంటుందని మనవాళ్ళకి ఒక నమ్మకం, కాకరకాయ వల్ల వచ్చింది అది. ఆనపకాయకి పనికిరాదు.

ఏడు_రోడ్లు
మాస్టారూ భయపెట్టీసారు. నేను ఇన్నాళ్ళూ రుచి చూడకుండానే వేసీవాణ్ణి. రేపట్నుంచి చూస్తాను.

రాజాం_కుర్రాడు
మధ్యలో నాదొకటి. మాది పాత జ్యూసర్ మిక్సర్, నిన్న అల్లం కేరట్ కలిపి వేసాను, మూలిగి ఆగిపోయింది. కాలిన వాసన రాలేదు. చచ్చిపోయినట్టేనా?

మిక్సీ_డాక్టర్
ప్లగ్ పీకి, తలకిందులు చెయ్యి తమ్ముడూ. అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది, లోడు ఎక్కువైతే అది బయటికి తన్నుకుని మోటారుని కాపాడుతుంది. పది నిమిషాలు చల్లారనిచ్చి దాన్ని లోపలికి నొక్కు. మా షాపుకి వచ్చే చచ్చిపోయిన మిక్సీల్లో చాలావాటికి వైద్యం అదే, డబ్బులు తీసుకోడానికి మొహమాటం నాకు.

అల్లం పీచు స్క్రూకైనా బ్లేడుకైనా చుట్టుకుంటుంది, పొడుగ్గా వెయ్యకూడదు, పీచుకి అడ్డంగా చక్రాల్లా కొయ్యాలి.

రాజాం_కుర్రాడు
తిరిగింది అన్నా!!!! మా అమ్మ దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చీడానికి గుమ్మంలో పెట్టీసింది.

మిక్సీ_డాక్టర్
😊 ఇంకో మాట. సాయంత్రాలు వోల్టేజి పడిపోయే ఊళ్ళు మనకి చాలా ఉన్నాయి. వోల్టేజి తక్కువప్పుడు మోటారు చుట్లు తగ్గుతాయి, అలాంటప్పుడు గట్టి కాయలు కుక్కితే వేడెక్కుతుంది. లైటు మసగ్గా ఉంటే జ్యూస్ రేపు పెట్టుకోండి. చిన్న ఇన్వర్టర్ మీద 750 వాట్ల మిక్సీ వెయ్యకండి, మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ లాగి ఇన్వర్టర్ కూస్తుంది.

గింజలు తియ్యాలి. ఉసిరికాయ, నేరేడు, మామిడి వేటికైనా. మొన్న ఒకావిడ ఉసిరికాయలు గింజలతోనే కోల్డ్ ప్రెస్‌లో వేసి స్క్రూ చీల్చీసింది, ఆ ముక్క ఒక్కటే 2 వేలు చెప్పారు, వచ్చీసరికి నెల. వారంటీ అందరూ అడుగుతారు, విడిభాగాలు మన ఊళ్ళో దొరుకుతాయా అని ఎవరూ అడగరు. మిక్సీ కప్లర్, అదే జార్‌ని మోటారుకి కలిపే ముక్క, అయితే ఏ సందులోనైనా దొరుకుద్ది. ఐఎస్ఐ మార్కు చూడండి, బిల్లు దాచండి. వారంటీలో ఉండగా తిప్పలు పెడితే 1915కి ఫోన్ చెయ్యండి, అది కేంద్రం వాళ్ళ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

ఉద్దానం_కొబ్బరి
అయ్యకోనేరు అప్పా, మీ అత్తగారూ మామగారూ సోంపేట అన్నారు కాబట్టి రాస్తన్నాను, ఏమనుకోకండి. మాది కవిటి మండలం, మీ సోంపేట లాగే ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతం. మా నాన్నకి కిడ్నీ జబ్బు బయటపడిన కొత్తలో మా చిన్నమ్మ ప్రేమతో రోజూ పాలకూర బీట్రూట్ జ్యూస్, మధ్యాహ్నం మా చెట్టు కొబ్బరి బోండాం ఇచ్చేది. నెలకి పరీక్ష చేస్తే పొటాషియం బాగా పెరిగిపోయుంది, డాక్టరు ఇంట్లో ఏం పెడుతున్నారని కేకలేసారు. కిడ్నీ పనిచెయ్యకపోతే పొటాషియం ఒంట్లోంచి బయటికి పోదు, ఎక్కువైతే గుండెకే దెబ్బ. బత్తాయి, టమాటా, కొబ్బరినీళ్ళు, పాలకూర అన్నిట్లోనూ అదే ఉంటుంది. పైగా పాలకూర, బీట్రూట్‌లో ఆక్సలేట్లు, అవీ కిడ్నీకి చేటే.

డాక్టరమ్మ మాకు కూరగాయలు చిన్నగా కోసి ఎక్కువ నీళ్ళలో ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబొయ్యమని చెప్పింది. మేము అప్పటిదాకా చేసిందేటి, కూరలు పారబోసి ఆ నీళ్ళే గ్లాసులో పోసి ఇచ్చాం. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు తిండి సహించదు.

మీ అత్తగారికీ మామగారికీ క్రియాటినిన్ పరీక్ష, అదే కిడ్నీ ఎలా పనిచేస్తుందో చూసే రక్తపరీక్ష, చేయించారా? మా వైపు నొప్పి లేకుండానే ముదిరిపోద్ది. పలాసలో 2023 డిసెంబరు నుంచి 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది, వాళ్ళకి దగ్గరే. పరీక్ష అయ్యాక డాక్టర్ని అడిగి అప్పుడు జ్యూస్ ఇవ్వండి.

అయ్యకోనేరు_గట్టు
తమ్ముడూ ఏమీ అనుకోలేదు, మంచిపని చేసావు. మామగారికి ఏడాది క్రితం చేయించారు, మళ్ళీ చేయించలేదు. అత్తగారికి అసలు ఎప్పుడూ చేయించలేదట, నాకేటి అయింది అంటున్నారు. ఈ ఆదివారం మా ఆయన వెళ్తున్నారు.

మూడు_లాంతర్లు
మేడమ్, మీది విజయనగరమే కదా. మా అటక మీద కోల్డ్ ప్రెస్ ఒకటి పడుంది, 2021లో 11 వేలకి కొన్నాం, రెండు నెలలు వాడాం, పిల్లలు హాస్టళ్ళకి పోయాక ఎవరికి చేస్తాం. అమ్మను, మా ఆవిడ ఒప్పుకోదు, అమ్మితే కొనడం తప్పని ఒప్పుకున్నట్టు అంటుంది. ఓ పది రోజులు తీసుకెళ్ళి వాడి చూడండి, తర్వాత మీరే తేల్చుకోండి. గంటస్తంభం దగ్గరికి వస్తే ఇస్తాను.

బొబ్బిలి_వదిన
చూసారా ప్రతి ఇంటి అటక మీదా ఒకటుంటాది. మా ఇంట్లో దాని పక్కనే రోటీ మేకర్ కూడా ఉంది.

అయ్యకోనేరు_గట్టు
(పన్నెండు రోజుల తర్వాత)
ఆలస్యానికి క్షమించండి. మూడు లాంతర్లు గారి మెషిన్ తెచ్చుకుని పది రోజులూ వాడాను, నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా, మా ఆయన నవ్వారు.

కిలో కేరట్‌కి ఇంచుమించు అర లీటరు వచ్చింది, పిప్పి చేత్తో పిండితే చుక్క రాలేదు. ఆ పిప్పి మొదటిరోజు చపాతీ పిండిలో కలిపాను, రెండోరోజు హల్వా, మూడోరోజు నుంచి మందార మొక్కకి. జ్యూస్ తియ్యడానికి 12 నిమిషాలు, కడగడానికి 9. చప్పుడు లేదు, మా బాబు పక్కనే పడుకుని లేవలేదు. అడుగున రబ్బరు బిరడా లాంటిది ఒకటి ఉంటుంది, పిప్పి వచ్చే దారి కింద, అది తీసి కడగాలని నాకు నాలుగో రోజు దాకా తెలీలేదు, పుల్లటి వాసన ఎక్కడ్నించా అని వంటిల్లంతా వెతికాను. వాడేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

బత్తాయి దగ్గర తేడా కొట్టింది. తొక్క తీసి, తెల్ల పొర వదిలీసి, గింజలతో వేసాను. అప్పుడే తాగితే పర్లేదు గానీ అరగంట ఆగి తాగితే చేదు. మర్నాడు తెల్ల పొర, గింజలు తీసి వేస్తే బాగుంది, కానీ ఆ వొలుపుడికే పావుగంట. సీతంపేట అనాస దొరికితే వేసాను, అద్భుతంగా వచ్చింది. మిగిలింది పాలల్లో కలిపితే కాసేపటికి విరిగి చేదెక్కింది, అది నా తెలివితక్కువ. మామిడిపండు వేసాను, ముద్దలా కూరుకుపోయింది. సపోటా, అరటి లాంటి మెత్తటివాటికి మామూలు మిక్సీయే నయం.

మిక్సీ_డాక్టర్
బత్తాయి చేదు గింజల్లోంచి, తెల్ల పొరలోంచి వస్తుందమ్మా, నలిగిన కాసేపటికి పుడుతుంది. అందుకే బత్తాయిని నలపకూడదు, సగానికి కోసి గుమ్మటం మీద పెట్టి పిండాలి. దానికి వేరే చిన్న కరెంటు స్క్వీజర్ ఉంటుంది, కాయ నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. గట్టిగా అదిమి తొక్క దాకా గీకకండి. కడగడానికి మూడు సామాన్లు.

మామిడి ఎవరూ పిండరు. మీ విజయనగరం జిల్లా భీమాళి తాండ్ర వేసేవాళ్ళు కూడా గుజ్జే తీస్తారు కదా.

అయ్యకోనేరు_గట్టు
నిన్న అదే తెచ్చానండి, 1350 పడింది. రెండు కాయలు, ఒక చిన్న గ్లాసు, మొత్తం నాలుగు నిమిషాలు, కడుగుడుతో కలిపి. మా ఆయనే చేసుకుంటున్నారు, ఇది మూడో వారానికి కూడా ఉంటుందో లేదో బొబ్బిలి వదిన చెప్పాలి. కేరట్ మాత్రం కోరి పెరుగులో వేస్తున్నాను.

అత్తగారికి పరీక్ష అయింది. ఆవిడది బాగానే ఉంది. మామగారిదే కొంచెం పెరిగింది, వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు, జ్యూసులు, బోండాలు మానెయ్యమన్నారు. ఉద్దానం తమ్ముడూ, నీకు విడిగా మెసేజ్ పెట్టాను చూడు.

మూడు లాంతర్లు గారూ, మీ మెషిన్ కడిగి ఆరబెట్టి డబ్బాలో పెట్టాను. సాయంత్రం తేనా?

మూడు_లాంతర్లు
తెండి. మళ్ళీ అటకే దానికి గతి.

ఏడు_రోడ్లు
ఆగండాగండి. మా చెల్లెలు ఆమదాలవలసలో ఉంది, 14 వేలది బుక్ చెయ్యబోతోంది, దానికీ పది రోజులు ఇస్తారా?

మూడు_లాంతర్లు
ఇస్తాను. ఎవరైనా వచ్చి పట్టుకెళ్ళాలి. ఆ రబ్బరు బిరడా మాత్రం పారెయ్యొద్దని చెప్పండి.